ఈసారి పోటీకి తూకం మిషన్ వద్దు



సంక్రాంతి దగ్గర పడింది. "పోయినేడు పెట్టినట్టే ఈసారి కూడా బరువు తగ్గే పోటీ పెడుతున్నారా?" అని నాలుగు రోజులుగా చాలామంది అడుగుతున్నారు. మహిళా విభాగం తరఫున జవాబు చెప్పాల్సింది మేమే. వద్దనుకున్నాం. ఎందుకు వద్దనుకున్నామో చెప్పకపోతే బాగుండదు కాబట్టి ఇంత పొడుగు పోస్టు. కాఫీ పెట్టుకుని నిదానంగా చదవండి.

పోయినేటి పోటీ గుర్తుంది కదా. 2025 సంక్రాంతి నుంచి ఉగాది దాకా 75 రోజులు. యాభై దాటినవాళ్ళం పద్నాలుగు మందిమి పేర్లిచ్చాం. అందరిదీ ఒకటే కథ. ముట్లు ఆగిన రెండు మూడేళ్ళలో జాకెట్లన్నీ బిగుసుకుపోయాయి. తినేది అదే, చేసే పని అదే, పొట్ట మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. ఎవరింటి పెళ్ళిలోనో "ఏం వదినా, ఎన్నో నెల?" అని సరసమాడితే, అక్కడ నవ్వేసి ఇంటికొచ్చి ఏడ్చినవాళ్ళు కూడా మాలో ఉన్నారు. అందుకే పోటీ అనగానే ఎగబడ్డాం. ఎక్కువ తగ్గినవాళ్ళకి ధర్మవరం చీర.

గెలిచిన అక్క తొమ్మిది కిలోలు తగ్గింది. ఈ సంగతి రాయొచ్చని తనే చెప్పింది, పేరు మాత్రం వద్దంది. ఉగాది రోజు స్టేజి మీదికి పిలిచి చీర పెట్టి, "కాలేజీ పిల్లలా ఉన్నావు" అని అందరం చప్పట్లు కొట్టాం. పొద్దున ఉలవల కషాయం, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కీరా ముక్కలు, రాత్రికి ఏమీ లేదు. పైగా రోజుకు రెండు గంటల నడక. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆ 75 రోజుల్లో ఎంత తగ్గావని అడిగామే గానీ, ఏం తింటున్నావని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు బాత్రూం గడప దగ్గర కాలు జారింది. పెద్ద పాటేమీ కాదు, చెయ్యి ఆనించింది, అంతే. మణికట్టు విరిగింది. డాక్టరమ్మ ఎముకల స్కాన్ తీయించి, ఎముకలు బాగా పలచబడ్డాయన్నారు. అది 75 రోజుల్లో వచ్చింది కాదు, ముట్లు ఆగినప్పటి నుంచి లోపల్లోపల జరుగుతున్నదే. ఆ తిండితో కండ కూడా కరిగిపోయిందనీ, పడబోయినప్పుడు నిలదొక్కుకునే బలం కాళ్ళలో లేకపోయిందనీ చెప్పారు. అప్పటికే నాలుగు కిలోలు తిరిగి వచ్చేశాయి కూడా.

చూడ్డానికి వెళ్ళిన మాతో అక్క నవ్వుతూనే అంది: "మీరిచ్చిన చీర కట్టుకోవాలంటే ఇప్పుడు ఇంకొకరు వచ్చి కుచ్చిళ్ళు పెట్టాలి."

మాకు నవ్వు రాలేదు. ఆ పోటీ పెట్టింది మేమే.

ఆ తర్వాత నలుగురం కూర్చుని, డాక్టర్లను అడిగి, చదివి కొన్ని సంగతులు తెలుసుకున్నాం. ముందే తెలిసుంటే ఆ పోటీ పెట్టేవాళ్ళం కాదు.

మెనోపాజ్ అంటే వరసగా 12 నెలలు ముట్టు రాకపోవడం. అమెరికా, యూరప్‌లలో సగటున 51 ఏళ్ళకు వస్తే మన దేశంలో 46, 47కే వస్తోంది. అంటే యాభై దాటిన మనలో చాలామందికి ఈ మార్పు మొదలై ఏళ్ళయింది.

"ముట్లు ఆగితే ఒంట్లో ఖర్చు తగ్గిపోతుంది, గాలి పీల్చినా లావవుతాం" అని మనమంతా అనుకుంటాం. 2021లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 29 దేశాల్లో ఆరువేల నాలుగు వందల మందికి పైగా జనాన్ని పరిశీలించారు. ఒంటి సైజును, కండను లెక్కలోకి తీసుకుని చూస్తే 20 ఏళ్ళ నుంచి 60 దాకా శరీరం ఖర్చుపెట్టే శక్తి దాదాపు ఒకేలా ఉందట. ఆడవాళ్ళలో మెనోపాజ్ దగ్గర కూడా అది పడిపోలేదు. "కండను లెక్కలోకి తీసుకుని" అన్నమాట గమనించండి. కండ తగ్గితే ఖర్చు తగ్గుతుంది. వయసుతో మన దగ్గర తగ్గుతూ వచ్చింది ఆ కండే.

మరి పొట్ట సంగతి? ఈస్ట్రోజెన్ తగ్గేసరికి ఇదివరకు తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు ఇప్పుడు పొట్టలోకి చేరుతుంది. అందుకే తూకంలో రెండు కిలోలే పెరిగినా జాకెట్టు, లంగా రెండూ పట్టవు. దీనికి తోడు రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, తెగిన నిద్ర. నిద్ర చాలని మర్నాడు ఆకలెక్కువ, కదలాలనే ఓపిక తక్కువ.

ఇక మన ఇళ్ళ సంగతి మనకు తెలియంది కాదు. పిల్లలు అమెరికాకో గచ్చిబౌలికో వెళ్ళిపోయారు. వంట మాత్రం ఇంకా నలుగురికి చేస్తున్నాం. మిగిలిన గుప్పెడన్నం పారేయడానికి మనసు రాక గిన్నె ఊడ్చి మనమే తింటాం. దాన్ని ఎప్పుడైనా భోజనం లెక్కలో వేసుకున్నామా?

పొట్టకు కొలత ఉంది. మన దేశపు ఆడవాళ్ళకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు 31న్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి బిగపట్టకుండా టేపు పెట్టాలి. మేము కొలుచుకుంటే పద్నాలుగు మందిలో 80కి లోపల ఉన్నది ఇద్దరే. తూకంలో ఆ అక్కను గెలిపించాం కానీ, నడుము టేపు ఎవరం తీయలేదు.

తిండి మాటకొస్తే, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజు మొత్తం కేలరీల్లో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం మించొద్దంది. చిరుధాన్యాలు కూడా అందులోనే ఉన్నాయి. మన బెంగళూరులో ముద్ద తింటే సన్నబడతామని ఒక నమ్మకం. రాగుల్లో కాల్షియం నిండుగా ఉంటుంది, వంద గ్రాములకు మూడు వందల మిల్లీగ్రాములకు పైనే. ఎముకలకు చాలా మంచిది. కానీ కేలరీల్లో బియ్యానికి ఆమడ దూరమేమీ లేదు, ప్రొటీన్ కూడా ఏడు శాతమే. మన అనంతపురం, చిత్తూరు అమ్మమ్మలు సంగటి ఒట్టిది పెట్టలేదు. పక్కన పప్పో, ఉలవచారో, చియ్యలో ఉండేవి. మనం ముద్ద పెద్దది చేసి పప్పు పలచన చేశాం.

ప్రొటీన్ రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలని మన దేశపు లెక్క. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరేడు, వంద గ్రాముల ఎండు పప్పులో ఇరవై పైచిలుకు. పోయినేడు అక్క తిన్నదాన్ని మేము లెక్క వేసి చూశాం. సగానికి కూడా రాలేదు. ఇప్పుడు ఊరంతా అనపకాయల సీజన్. వాసన పీలుస్తూ పక్కనించి వెళ్ళిపోకండి. పితికిపప్పు చిక్కగా చేసుకుని, అన్నం ఒక గరిటె తగ్గించండి.

నడక మంచిదే, వారానికి 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అదే సంస్థ వారానికి కనీసం రెండు రోజులు కండకు పని చెప్పే వ్యాయామం కూడా చేయమంది. ఈ రెండో మాట మన చెవిన పడలేదు. జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, నీళ్ళు నింపిన లీటరు సీసాలు ఎత్తడం, లిఫ్టు మాని రెండంతస్తులు ఎక్కడం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఎముకలు పలచబడ్డాయని తెలిసినవాళ్ళు ఫిజియోథెరపిస్టును అడిగి మొదలుపెట్టండి.

ఇంజక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. బరువు తగ్గిస్తాయి. కానీ తగ్గేది అంతా కొవ్వే కాదు, కొంత కండ కూడా పోతుంది. ఎవరికి అవసరమో డాక్టరు తేల్చాలి. వేసుకున్నా సరే పప్పు, గుడ్డు, సీసాలు ఎత్తడం తప్పవు. ఉన్నట్టుండి బరువు పెరుగుతుంటే ముందు థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి.

ఇక పోటీ. ఈ సంక్రాంతి నుంచి ఉగాది దాకా పెడుతున్నాం, కానీ తూకం మిషన్ ఉండదు. మొదటి రోజూ చివరి రోజూ రెండే కొలతలు. ఒకటి, నడుముకు టేపు. రెండు, 30 సెకన్లలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు. వారం వారం ఒకరినొకరం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఏం తిన్నావు?" మొదటి బహుమతి, రెండో బహుమతి లేవు. చివరిదాకా ఉన్నవాళ్ళందరికీ తలా ఒక జాకెట్ ముక్క, కొత్త కొలతకు కుట్టించుకోవడానికి.

ఉగాది ముందు ఆదివారం పొద్దున్నే అందరం లాల్‌బాగ్ వెళ్దాం. కెంపేగౌడ గోపురం ఉన్న బండ దగ్గర కలుద్దాం. మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి బండ అది, మన వయసులు దానికి లెక్కలోవి కావు. ఎక్కగలిగినంత ఎక్కుదాం, ఆయాసం వస్తే కూర్చుందాం. తర్వాత బైటూ కాఫీ, ఇడ్లీ.

కుర్చీ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకునేది మన అక్కే. చేతికి ఇంకా వ్యాయామం చేయిస్తున్నారు. నిన్న ఫోన్ చేస్తే, పొద్దున టిఫిన్‌కి రెండు గుడ్లు తిన్నానని మేము అడక్కుండానే చెప్పింది. లాల్‌బాగ్‌కి ధర్మవరం చీరలోనే వస్తుందట. కుచ్చిళ్ళు తనే పెట్టుకుంటానంది.

పేర్లు పండగ లోపల ఇవ్వండి. టేపు మేము తెస్తాం.

— మీ మహిళా విభాగం