పెరటి తలుపుకీ తాళం

మా ఇటిక్యాలలో పగలంతా తలుపులు బార్లా తెరిచే ఉంటాయండీ. ఎవరొచ్చినా "వదినా" అంటూ నేరుగా వంటింట్లోకే వస్తారు. అలాంటి చోట, రెండు గదుల ఇంట్లో, డిగ్రీ చదివే ఆడపిల్లకి తనదంటూ ఏముంటుంది? మా పెద్దదానికి ఉన్నది ఒక్కటే, ఉబుంటు వేసిన పాత కంప్యూటర్లో తన ఖాతా.

సంక్రాంతి సెలవుల్లో ఓ పొద్దున దాని పాస్‌వర్డ్ పనిచేయలేదు. తొమ్మిదో తరగతి చదివే మావాడేమో ముసిముసి నవ్వులు. అక్క రాసుకున్న డైరీ అప్పటికే చదివేశాడు. "ఇంట్లోవాళ్ల దగ్గర దాపరికమేందే?" అన్నారు మావారు తేలిగ్గా. "నాకు గడియ పెట్టుకునే తలుపు అదొక్కటే ఉండె నాన్నా" అని ఏడ్చింది పిల్ల. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

వాడు పాస్‌వర్డ్ కనిపెట్టలేదు, ఏకంగా మార్చేశాడు. కంప్యూటర్ ఆన్ కాగానే ముందు గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాం లేస్తుందట. ఎస్కేప్ మీట నొక్కితే దాని మెనూ కనిపిస్తుంది. అందులో రికవరీ మోడ్, అక్కణ్ణుంచి రూట్. అక్కడికి చేరినవాళ్లు పాతది చెప్పకుండానే ఎవరి పాస్‌వర్డైనా మార్చొచ్చు. మరిచిపోయినవాళ్ల కోసం ఉంచిన దారే అది. కానీ ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు ఊరికే దగ్గరకి వేసినట్టే కదా!

ఇంజనీరింగ్ చదివే మా అన్న కొడుకు ఫోన్లో చెబుతుంటే పిల్లే అంతా చేసుకుంది. గ్రబ్‌కి వేరే పాస్‌వర్డ్ అనుకుని, ఒక కమాండ్‌తో దాన్ని పొడుగాటి అక్షరాల వరసగా మార్చింది. లోపల 10,000 సార్లు తిప్పి రుబ్బుతుందట, మన ఇడ్లీ పిండి నయం! ఆ వరసని గ్రబ్ ఫైల్లో పెట్టి, మామూలుగా తెరుచుకునే వరసకి మాత్రం 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని చేర్చింది. అది చేర్చకపోతే రోజూ ఆన్ చేసినప్పుడల్లా అందరినీ అడుగుతుంది. చివర్లో అప్‌డేట్-గ్రబ్. పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ లేవకుండా బయోస్‌లోనూ ఒక పాస్‌వర్డ్ పెట్టింది.

"నాకన్నా చెప్పి పెట్టు" అన్నారు మావారు. "దాని దగ్గరే ఉండనీయండి" అన్నాను. రెండ్రోజులు మొహం ముడుచుకున్నారు, ముడుచుకోనీ.

ఇంకో సందుందట. డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఇవేవీ అడ్డురావు. అది ఆపాలంటే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తూ సిస్టం మళ్లీ వేసుకోవాలి. సెమిస్టర్ పరీక్షలయ్యాక ఆ పని పెట్టుకుంటానంది. ఈలోపు స్క్రూడ్రైవర్ని నా పోపుల డబ్బా వెనక దాచాను.