కాగితాలు సర్దేవాళ్లంతా దొంగలేనా?

పెద్ద కంపెనీలో మోసం బయటపడితే మొదటిరోజు యజమాని గురించి మాట్లాడుకుంటాం. రెండోరోజుకి మాట మన వీధిలోకి వచ్చేస్తుంది. "కాగితాలన్నీ వాళ్లాయన చేతిలోనేగా ఉండేది, తెలియకుండా ఉంటుందా?" అనేస్తాం. ఆ మాట ఆ ఇల్లాలికి ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించారా?

సత్యం కంప్యూటర్స్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. లెక్కలన్నీ తప్పులని 2009 జనవరి 7న రామలింగరాజు గారే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. ఉందని చూపించిన సొమ్ములో 5,040 కోట్లు లేనేలేవు. దర్యాప్తులో 7,561 దొంగ బిల్లులు తేలాయి. వాటికి కంప్యూటర్లో ఓ గుర్తు పెట్టి, ప్రత్యేకమైన పాస్‌వర్డు ఉన్నవాళ్లకి తప్ప కనపడకుండా దాచారట. మరి పక్క టేబుల్ దగ్గర అసలు బిల్లులు చూసుకునేవాళ్లకి ఎలా తెలుస్తుంది చెప్పండి?

2015 ఏప్రిల్ 9న హైదరాబాదులో ప్రత్యేక కోర్టు 10 మందిని దోషులంది. వాళ్లలో రాజుగారి సోదరులు, ఆడిటర్లతోపాటు లెక్కల విభాగం ఉద్యోగులూ ఉన్నారు. కాబట్టి చిన్న ఉద్యోగులంతా అమాయకులని నేననను. కానీ మోసం బయటపడేనాటికి ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు సుమారు 53,000 మంది. అందరూ తలదించుకు తిరగాల్సి వచ్చింది.

మైపాడు దగ్గర మా బంధువుల అబ్బాయి ఒక కంపెనీ రికార్డు గదిలో పనిచేసేవాడు. విచారణకి పిలిచారని తెలియగానే ఇరుగుపొరుగు రాకపోకలు మానేశారు. "ఆయన డైరీలు పొయ్యిలో పెట్టేద్దామా పిన్నీ?" అని అతని భార్య వణికిపోతూ అడిగింది. ఏ రోజు ఏ ఫైలు ఎవరు పట్టుకెళ్లారో రాసుకున్న డైరీలవి. "వద్దే తల్లీ, రేపు మీ ఆయన్ని కాపాడేవి అవే" అన్నాను. వాటిని తీసుకుని లాయరు దగ్గరికి వెళ్లారు. విచారణ ఇంకా పూర్తి కాలేదు గానీ, ఆ పిల్ల కంటినిండా నిద్రపోతోంది.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఇలాంటి కష్టం వస్తే ఒక్క కాగితం చింపనివ్వకండి, పాత తేదీ దిద్దనివ్వకండి. సాక్ష్యం చెరపడం కూడా నేరమే. గుర్తున్నది గుర్తున్నట్టే చెప్పమనండి. లాయరుకి చూపించకుండా సంతకం పెట్టొద్దనండి. తోటి ఉద్యోగులకి ఫోను చేసి ధైర్యం చెప్పమనండి, అయితే అందరం ఒకే మాట చెబుదామని మాత్రం కూడబలుక్కోవద్దనండి.

ఇక మనం చేయాల్సింది చిన్న పనే. ఓ గిన్నెడు చేపల పులుసు తీసుకుని ఆ ఇంటికెళ్లండి. కేసు సంగతి అడగొద్దు, పిల్లల ఫీజు కట్టారా అని అడగండి. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది. అంతదాకా ఆ గడప తొక్కడానికి మనకేం అడ్డు?