మాట ఒక్కసారే

నవంబరు నెల, శనివారం పొద్దున. ఇంగ్లండులో వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ష్రాప్‌షైర్‌లో, ఒక చిన్న తోపు అంచున నిలబడి ఉన్నాను. రాత్రి పట్టిన మంచు గడ్డి మీద ఇంకా తెల్లగానే ఉంది. నా ఎడమ కాలి పక్కన చిట్టి కూర్చుని ఉంది. పదకొండు నెలల ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పానియల్. తెల్లటి ఒంటి మీద కాఫీగింజ రంగు మచ్చలు. ఆత్రంతో దాని ఒళ్లంతా సన్నగా వణుకుతోంది.

ఎదురుగా ముళ్లపొదలోంచి ఒక ఫెజెంట్ పుంజు రెక్కలు టపటపలాడిస్తూ లేచింది. చిట్టి ఒక్క ఉరుకు ఉరికింది. ఈల ఊదాను. ఆగలేదు. మళ్లీ ఊదాను. మళ్లీ మళ్లీ ఊదాను. "హప్! చిట్టీ, హప్! హప్!" అని గొంతు చించుకున్నాను. అది కంచె కిందనుంచి దూరి పక్క తోపులో పడింది. మధ్యాహ్నం వేట కోసం ముట్టుకోకుండా అట్టేపెట్టిన తోపు అది. అందులో పక్షులన్నీ గుంపులు గుంపులుగా లేచి లోయ అవతలికి వెళ్లిపోయాయి. పదిహేనుమంది బీటర్లు పొద్దున్నుంచి పొదలు కొట్టుకుంటూ పక్షుల్ని అందులోకి తోలడానికి పడిన శ్రమ రెండు నిమిషాల్లో వృథా అయిపోయింది.

అక్కడున్నవాళ్లెవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకు కుక్కను మప్పడం చెబుతున్న పెద్దాయన మాత్రం మెల్లగా దగ్గరకొచ్చారు. నలభై ఏళ్లు వేటపక్షుల్ని చూసుకునే గేమ్‌కీపరుగా పనిచేసి రిటైరయిన మనిషి.

"ఎన్నిసార్లు ఊదావు?" అని అడిగారు.

"లెక్కపెట్టలేదండీ" అన్నాను.

"అది లెక్కపెట్టింది" అన్నారాయన. ఇంకేమీ అనలేదు.

ఆ మాట పూర్తిగా ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది.

నేను పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో. ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్లయింది. కుక్కను పెంచుకోవాలనుకున్నప్పుడు దాని పుట్టుకకు తగ్గ పని దానికి ఇవ్వాలనుకున్నాను. స్ప్రింగర్ అన్న పేరులోనే దాని పని ఉంది. పొదల్లో నక్కిన పక్షిని పైకి లేపడం. వేటకు తుపాకులు రాకముందు, వలలు పన్నేవాళ్లకూ డేగల్ని వదిలేవాళ్లకూ ఇలాంటి కుక్కలే పక్షుల్ని లేపి ఇచ్చేవి. తుపాకీ వచ్చాక పని పెరిగింది. పక్షి లేవగానే ఉన్నచోటే కూలబడాలి. తుపాకీ పేలినా కదలకూడదు. వెళ్లమన్నప్పుడే వెళ్లి, పడిన పక్షిని నలపకుండా నోట కరుచుకుని తెచ్చి చేతిలో పెట్టాలి. స్పానియళ్లకు ఈ పనిలో పోటీలు 1899లో డెర్బీషైర్‌లో మొదలయ్యాయి. 1902లో కెన్నెల్ క్లబ్ ఇంగ్లిష్ స్ప్రింగర్‌ను విడి జాతిగా గుర్తించింది. పొదల్లో పక్షిని పసిగట్టే ఆ ముక్కునే ఈ రోజుల్లో పోలీసులూ సైన్యమూ వాడుకుంటున్నారు. 2003లో ఇరాక్‌లో దాచిన ఆయుధాలను పట్టించి, జంతువులకు ఇచ్చే డికిన్ పతకం అందుకున్న బస్టర్ కూడా స్ప్రింగరే.

ఇన్ని తరాల పని ఒంట్లో ఉన్న కుక్కకు వెంటపడడం ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పవలసింది ఆగడం. అదే నేను నేర్పలేకపోయాను.

మా అమ్మ ఫోనులో అడిగింది: "పిట్టల్ని చంపే పనికి కుక్కని తయారుచేస్తున్నావా నాయనా?" న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట చాలావరకు ఆగిపోయింది. ఇక్కడ అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా ఫెజెంట్ వేట చట్టబద్ధం. నేను తుపాకీ పట్టను. పక్షిని లేపడంతోనే మా పని అయిపోదు. గుండు తగిలి, చావకుండా, రెక్క విరిగి పొదల్లోకి పరుగెత్తే పక్షి ఉంటుంది. దాన్ని కుక్క వెతికి పట్టుకోకపోతే ఆ పక్షి ఏ ముళ్లకింద ఎంతసేపు బాధపడుతుందో ఎవరికీ తెలియదు. మంచి కుక్క ఆ బాధను నిమిషాల్లో ముగిస్తుంది. ఆ మాటే అమ్మకు చెప్పాను. అందుకే ఈ పనిని సరిగ్గా చేయాలి, అరకొరగా చేయకూడదు.

ఆ శనివారం సాయంత్రం పెద్దాయన ఇంటి వంటగదిలో కూర్చున్నాం. నేను చేసినవన్నీ ఒక్కొక్కటిగా అడిగి చెప్పించుకున్నారు. అప్పుడు నా తప్పులు నాకే వరసగా కనిపించాయి.

స్పానియల్‌ను కూర్చోబెట్టడానికి ఇక్కడ తరతరాలుగా వాడే మాట 'హప్'. నేను దాన్ని ఒక్కసారి అని ఊరుకోలేదు. అన్నం గిన్నె ముందు మూడుసార్లు, గుమ్మం దగ్గర నాలుగుసార్లు, పార్కులో పదిసార్లు అన్నాను. చిట్టి చివరిదానికి కూర్చునేది, నేను మెచ్చుకునేవాణ్ణి. దానికి నేను నేర్పిందేమిటంటే, మొదటి మాటకు విలువ లేదని. ఆఖరి మాటదాకా దానికి వెసులుబాటు ఉందని.

రెండో తప్పు బంతి. పక్షికి బదులు వాడే కాన్వాసు డమ్మీ అయినా టెన్నిస్ బంతి అయినా, విసిరిన ప్రతిదాన్నీ పరుగెత్తి తెమ్మనేవాణ్ణి. మా అబ్బాయి సాయంత్రాలు గంటసేపు విసిరేవాడు. కంటిముందు కదిలిందల్లా తనదేనని చిట్టికి స్థిరపడిపోయింది. గాలిలో లేచిన ఫెజెంట్ దాని లెక్కలో ఇంకో బంతి.

మూడోది తొందర. పక్కవాళ్ల కుక్కలు పనిలోకి దిగుతున్నాయని, నాది కూడా దిగాలని ఆరాటపడ్డాను. నిదానమే ప్రధానం అన్న సామెత నోటికి వచ్చుగానీ కాళ్లకు రాలేదు.

"మొదటినుంచి మొదలుపెట్టు. వచ్చే సీజనుదాకా దానికి పక్షి వద్దు" అన్నారు పెద్దాయన.

మొదలుపెట్టాం. మా పెరట్లో, ఆరడుగుల తాడు చేతిలో పట్టుకుని. ఆక్మీ కంపెనీ 210.5 నంబరు విజిల్ ఒకటి ఇచ్చారు. ఆ నంబరు విజిళ్లన్నీ ఒకే శ్రుతిలో పలుకుతాయి. ఒకటి పోయినా ఇంకోటి కొనుక్కుంటే కుక్కకు తేడా తెలియదు. ఒక పొడుగు ఊత అంటే ఆగి కూర్చోవాలి. రెండు పొట్టి ఊతలు అంటే పక్కకు తిరగాలి. గబగబా చిన్న ఊతలు అంటే వెనక్కి రావాలి. ఊత ఒక్కటే, దానితోపాటు ఎత్తిన అరచెయ్యి. చిట్టి కూర్చోకపోతే రెండో ఊత లేదు. నేను నడిచి వెళ్లాలి, ఏమీ మాట్లాడకుండా దాన్ని తెచ్చి, ఊత విన్నచోటే కూర్చోబెట్టాలి. మొదటి వారం ఆ పెరట్లో నేను నడిచిన నడక ఒక తిరుపతి కొండ ఎక్కినంత ఉంటుంది.

అసలు కష్టం నాకే. నోరు మూసుకోవడం. కుక్క కూర్చోలేదని కనిపిస్తుండగా రెండో మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగాలి. అడుగు వేయాలి.

తర్వాత డమ్మీలు. నాలుగు విసిరితే మూడు నేనే నడిచి తెచ్చుకోవాలి, చిట్టి కూర్చుని చూడాలి. నాలుగోదానికి, అదీ నేను పేరు పెట్టి పంపినప్పుడే, వెళ్లాలి. ఎదురుచూసినవాళ్లకే దక్కుతుందని దానికి అలా తెలిసింది. వసంతంలో కంచె వేసిన కుందేళ్ల దొడ్డిలోకి తీసుకెళ్లాం. కుందేలు కాళ్లకింద నుంచి పోతుంటే కూర్చోవాలి. ఆ రోజుల్లో బయటి పచ్చికబయళ్లలో దాన్ని విడిగా వదలడమూ కుదరదు. నేల మీద గూళ్లు పెట్టే పక్షుల కోసం మార్చి 1 నుంచి జూలై 31 దాకా అందరికీ తెరిచిన బయళ్లలో కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలని ఇక్కడి చట్టం. ఆ ఐదు నెలల ఆలస్యమే మాకు మేలు చేసింది.

వేసవి చివర్లో ఒక రైతు కోత కోసిన చేను ఇచ్చాడు. అక్కడ గాలిని చదవడం నేర్చుకున్నాం. కుక్క గాలికి ఎదురుగా, నా ముందు ఎడమకూ కుడికీ తిరుగుతూ పోవాలి. అటు పాతిక గజాలు, ఇటు పాతిక గజాలు. అంతకు మించి పోతే అది లేపిన పక్షి తుపాకీకి అందదు. చివరికి చేరగానే తిరిగి, కాస్త ముందుకు జరిగి మళ్లీ అడ్డంగా రావాలి. ఒక సాయంత్రం చిట్టి అలా తిరుగుతుంటే ఆ మోడుల మధ్య నాకు మా నాన్న నాగలి చాళ్లు కనిపించాయి.

మా నాన్న కోడెలకు కాడి మప్పేవాడు. ఊళ్లోవాళ్లు కూడా తమ కోడెల్ని ఆయన దగ్గరకు తోలుకొచ్చేవాళ్లు. కొత్త కోడెను ముసలెద్దు పక్కన కట్టేవాడు. పగ్గం చేతిలో లేకుండా దాన్ని ఒక్క మాట కూడా అనేవాడు కాదు. పగ్గం ఉంటే మాట ఒక్కసారి అనేవాడు, దానితోపాటే పగ్గం కదిలేది. కర్ర చంకలోనే ఉండేది. పక్క పొలంలో ఒకాయన పొద్దుగూకేదాకా అరుస్తూ దున్నేవాడు, ఆయన ఎద్దులు ఆయన గొంతును గాలి చప్పుడులా వదిలేసేవి. గట్టు మీద కూర్చుని ఈ రెండూ చూస్తూ పెరిగినవాణ్ణి. ముప్పై ఏళ్ల తర్వాత, వేరే దేశపు చేలో, వేరే భాష మాట్లాడే ముసలాయన అదే సంగతి నాకు కొత్తగా చెప్పవలసివచ్చింది. చేయించలేని చోట చెప్పకు. చెప్పాక చేయించకుండా వదలకు. మా నాన్న ఇది మాటల్లో ఎన్నడూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఈ పాఠం పెరటి గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చింది. ఒక రాత్రి మెట్ల కింద నిలబడి మా అబ్బాయిని భోజనానికి పిలుస్తున్నాను. నాలుగోసారి పిలుస్తుండగా నా గొంతు నాకే వినిపించింది. ఆ నవంబరు పొద్దుటి గొంతు. పన్నెండేళ్లుగా వాడికి నేను మప్పింది కూడా అదే: నాన్న మొదటి పిలుపు పిలుపు కాదు. ఆ రాత్రి మెట్లెక్కి పైకి వెళ్లాను. భుజం మీద చెయ్యి వేశాను. వాడు తల తిప్పి చూసేదాకా ఆగాను. "అన్నం తిందాం రా" అని ఒక్కసారి చెప్పి, వాడు లేచేదాకా అక్కడే నిలబడ్డాను. "ఏంటి నాన్నా, అరవలేదు?" అన్నాడు. వాడు వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగాడు. ఆ మాట నాకు బాగా తగిలింది.

పిల్లవాణ్ణి కుక్కతో పోల్చడం లేదు. పిల్లవాడికి కారణం చెప్పాలి, వాడి మాట వినాలి, ఒక్కోసారి మన మాటే తప్పని ఒప్పుకోవాలి. కానీ రెండుచోట్లా మాట్లాడిన నోరు ఒక్కటే, అది నాది. దాన్ని చవక చేసుకున్నదీ నేనే.

మరుసటి సీజను, అక్టోబరు చివర. చిట్టికి ఇరవై రెండు నెలలు. అంతకుముందే పిస్తోలు చప్పుడుకు దూరం నుంచి అలవాటు చేశాం. చచ్చిన పావురానికి ఈకలు నోట్లో ఊడకుండా పాత మేజోడు తొడిగి మోయించాం. మళ్లీ అదే తోపు అంచు. అదే పెద్దాయన.

పొదలోంచి పుంజు లేచింది. చిట్టి రెండడుగులు వేసింది. ఒక్క ఊత ఊదాను. ఒక్కటే. అది ఎక్కడున్నది అక్కడే కూలబడింది. ముందుకాళ్లు కింద నేలను తొక్కుతున్నాయి, చెవులు మొదట్లో కాస్త లేచి ఉన్నాయి, కళ్లు ఆకాశంలో పక్షి వెంట పోతున్నాయి. నడుము మాత్రం నేలకే అంటుకుని ఉంది. తుపాకీ పేలింది. పక్షి వాగు అవతల ముళ్లల్లో పడి పరుగెత్తింది. నేను మనసులో పదిదాకా లెక్కపెట్టి అప్పుడు పేరు పెట్టి పంపాను. వాగు ఈది, ముళ్లల్లో దూరి, కనుమరుగైంది. కేకెయ్యాలని నోరు పీకింది. ఊరుకున్నాను. కొంతసేపటికి తల పైకెత్తి, పక్షిని పట్టుకుని, వాగు దాటి వచ్చి నా చేతిలో పెట్టింది. పక్షి ప్రాణంతోనే ఉంది. పెద్దాయన దాన్ని అందుకుని క్షణంలో దాని బాధ ముగించారు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ పెట్టి పక్కటెముకలు రెండువైపులా తడిమి చూశారు. ఒక్కటీ నలగలేదు. నాకూ తడమమని ఇచ్చారు. ఈకల కింద ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది.

మొక్కై వంగనిది మానై వంగదంటారు. చిట్టి మొక్క, వంగింది. నలభై ఐదేళ్ల మానును నేను, నేనూ కొంత వంగాను. అందుకే ఈ సామెతను ఇప్పుడు పూర్తిగా నమ్మను.

కుక్కపిల్లను తెచ్చుకుంటున్న మన వాళ్లెవరైనా నన్ను సలహా అడిగితే ఇదే చెబుతున్నాను. తాడు, విజిల్, డమ్మీ తర్వాత కొనండి. ముందు వారం రోజులు ఇంట్లో ఎవరికి ఏ మాట ఎన్నిసార్లు చెబుతున్నారో లెక్కపెట్టుకోండి. మీ మాట వినేవాళ్లు ఆ లెక్క ఇప్పటికే పెట్టి ఉంటారు.