రైలు వేళల పుస్తకము

తాల్‌బగీచా యనగా తాటితోట. ఖరగ్‌పూరు రైలు పట్టణములోని మా పేట పేరది. ఉత్తరాంధ్రము నుండి రైలు పనికి వచ్చిన తెలుగువారి మనుమలును మునిమనుమలును ఈ ఊర పెరుగుచున్నారు. ఇంజను మ్రోత విని దాని జబ్బు చెప్పగల పెద్దలు వారి యిండ్లలో కలరు. అట్టి యిండ్ల పిల్లలే భౌతికశాస్త్రము తమది కాదనుట నేను పలుమారులు వింటిని. చేతికందని విద్యను కంఠస్థము చేయవలసివచ్చిన వారికి అట్లు తోచుట సహజము.

వారికి నేను జగదీశచంద్ర బోసు సాధనమొకటి చూపుచుందును. 1895లో కలకత్తా టౌన్‌హాలున, తీగె లేకుండ, విద్యుదయస్కాంత తరంగములతో దూరమున నున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చిన శాస్త్రజ్ఞు డాయన. ఆ తరంగముల కంపనదిశను పరీక్షించుటకు ఆయన వాడిన సాధనములలో ఒకటి బ్రాడ్‌షా రైలు వేళల పుస్తకము! పుటల నడుమ తగరపు రేకులు పెట్టెను; అంతే.

మేమును పాత రైలు వేళల పుస్తకమునకు అట్లే పలుచని లోహపు రేకులు కూర్చితిమి. ఒక కళాశాల ప్రయోగశాలలో, 3 సెంటీమీటర్ల తరంగములను పంపు పరికరమునకును గ్రహించు పరికరమునకును నడుమ, తరంగము పుటల అంచున ప్రవేశించునట్లు దానిని నిలిపితిమి. కిటికీ ఊచల నడుమ త్రాటిని ఊపెడి ఉపమానము పిల్లలకు తెలియును: ఊచల వెంట ఊగు అల దాటును, అడ్డముగా ఊగునది ఆగును. కావున రేకుల వెంట కంపించు తరంగము దాటునని అందరును పలికిరి. ముల్లు కదలలేదు. పుస్తకమును పావు చుట్టు త్రిప్పగానే ముల్లు లేచెను.

"తప్పు ఉపమానముదా, పుస్తకముదా మాస్టారూ?" అని కార్ఖానా కార్మికుని కుమారు డొకడు అడిగెను.

విద్యుద్బలము రేకు వెంట నున్నప్పుడు లోహములోని ఎలక్ట్రానులు ఆ దారినే కదలి తరంగమును మరలించును. రేకునకు లంబముగా నున్నప్పుడు వాటికి పరుగెత్త చోటుండదు, తరంగము సాగిపోవును. త్రాడు ఊచను తాకి ఆగును. తరంగము లోహములోని కణములను కదిలించి ఆగును. ఈ భేదమును ఉపమానము దాచినది, పుస్తకము బయటపెట్టినది.

నేటి పరికరము జవాబును అంకెలలో చూపి, దారిని పెట్టెలో మూసివేయును. పాత సాధనమునకు దాచుకొనుట కేమియు లేదు. బోసు 1917లో కలకత్తాలో నెలకొల్పిన పరిశోధనాలయమున ఆయన సాధనములు భద్రముగా నున్నవి. వాటిని చూచి నమస్కరించుట మంచిదే. వాటి వంటి దానిని చేసి, అది చెప్పు మాట వినుట అంతకన్న మేలు.

రేకులు తీసివేసి వట్టి కాగితముతో ఏమగునో చూతమని ఆ బాలుడే అనెను. బోసును ఆ ప్రశ్న వేసికొని, వట్టి పుస్తకము సైతము కొంత పని చేయునని చూపినాడు. ఆ సంగతి బాలునికి నేను చెప్పలేదు. ముల్లుకే వదలితిని.