మా ఇంట్లో జైన్ పోస్టర్

2024లో ఒకరోజు ఇషా చదివి జానమాజ్ మడత పెడుతుంటే ఫోను టింగుమంది. బెంగళూరు నుంచి మా పెద్దపాప. ఒక పాట లింకు, దాని కింద ఒకే మాట. "మా, ఇతని ఉర్దూ విను. తలఫ్ఫుజ్‌కి ఎన్ని మార్కులేస్తావో చెప్పు."

నేను ఉర్దూ టీచర్ని. ఇరవయ్యేళ్లకు పైగా కడప జిల్లా బడుల్లో పిల్లల షీన్, కాఫ్‌లు సరిచేయడమే నా పని. మార్కులేయమంటే ఎందుకు వేయను? లింకు నొక్కాను. పాడే అబ్బాయి పేరు చూసి మంచం మీద అట్లే కూర్చుండిపోయాను. జైన్ మలిక్. మా ఇంట్లో ఆ పేరు పలికి అప్పటికి ఎనిమిదేళ్లయింది. పలకకపోవడానికి వజహ్ నేనే.

ఇది చదివే పిల్లలకు జైన్ గురించి నేను చెప్పాల్సిన పని లేదు. అమ్మీలు, నానీలు కూడా చదువుతుంటారు కాబట్టి వాళ్లకోసం రెండు ముక్కలు. జైన్ ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ పిల్లవాడు, 1993లో పుట్టాడు. తండ్రిది పాకిస్తానీ ఖాందాన్. తల్లి అక్కడి తెల్లావిడే, పెళ్లితో ఇస్లాంలోకి వచ్చింది. 2010లో ఎక్స్ ఫ్యాక్టర్ అనే టీవీ పాటల పోటీకి వేరువేరుగా వచ్చిన ఐదుగురు కుర్రాళ్లని కలిపి వన్ డైరెక్షన్ అని ఒక బ్యాండు కట్టారు. పోటీలో మూడో స్థానమే వచ్చింది. ఆ తర్వాత మాత్రం ప్రపంచంలో ఆడపిల్లలున్న ఇల్లంతా వాళ్లదే అయింది. ఆడిషన్ నాడు పొద్దున జైన్ లేవనని పడుకుంటే వాళ్లమ్మే లేపి పంపిందట. ఈ కిస్సా నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అదీ ఎక్కువగా ఫజర్ వేళ. "జైన్ వాళ్లమ్మ పాటకోసం లేపింది, నువ్వేమో..." అని దుప్పటిలోంచే సణిగేది మా పాప.

పోస్టర్ గోడకెక్కింది ఆమె తొమ్మిదో క్లాసులో. ఏదో మ్యాగజీన్ నడిమి పేజీ. జుట్టు పైకి దువ్వుకుని, చెవికి పోగు పెట్టుకుని, నవ్వీ నవ్వనట్టు ఒక పిల్లవాడు. మా పక్కింటి తెలుగు టీచరమ్మ పేరు విని "జైనులా? మార్వాడీ పిల్లోడా?" అంది. మేం నవ్వి నవ్వి చచ్చాం. జైన్ అంటే అలంకారం, జీనత్ పుట్టిన మాటే అని ఆమెకు చెప్పాను. చెబుతూ నాకే కొంచెం గర్వంగా అనిపించింది. దాచను, నాకూ వాడు నచ్చాడు. అంతమంది జాన్‌లు, జస్టిన్‌ల మధ్య ఒక మలిక్ ఉన్నాడని.

2014 రంజాన్ ఆఖరి రోజుల్లో గాజా మీద బాంబులు పడుతున్నాయి. మా అబ్బా అప్పుడు మా దగ్గరే ఉండేవారు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర పాప చెప్పింది, జైన్ ట్విటర్లో ఫ్రీ పాలస్తీనా అని రాశాడని, దానికి చంపుతామని బెదిరింపులొచ్చాయని. మా అబ్బా ఖజూర్ చేతిలో పట్టుకుని "ఎవరి బిడ్డో, అల్లా హిఫాజత్‌లో ఉంచుగాక" అన్నారు. ఆ దువాతో ఆ అబ్బాయి మా ఇంటివాడై పోయాడు. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే వచ్చింది తంటా. మనవాడు అనుకున్నాక మనం ఊరికే ఉండం కదా.

2015 మార్చి 25న బ్యాండు వదిలేశాడు. మా పాప అన్నం ముట్టలేదు. మర్నాడే సిడ్నీలో వరల్డ్ కప్ సెమీఫైనల్లో ఇండియా ఓడిపోయి మా వాడు కూడా కంచం తోసేశాడు. ఒకే ఇంట్లో రెండు మాతమ్‌లు. కువైట్ నుంచి ఫోన్ చేసిన వాళ్ల అబ్బాకు ఎవరు దేనికి ఏడుస్తున్నారో చెప్పేసరికి ఆయన బ్యాలెన్స్ అయిపోయింది.

ఆ తర్వాత పది నెలలకు అతని మొదటి సొంత పాట వచ్చింది, పిల్లోటాక్. 2016 జనవరి 29, జుమ్మా. పాప ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలు నెల దూరంలో ఉన్నాయి. జియో ఇంకా రాని రోజులు. డేటా రీఛార్జి అంటే సోనా కొన్నట్టే. అబ్బా ఇచ్చిన ఈదీ డబ్బులు దాచి మరీ వేయించుకుంది. నేను బడి నుంచి వచ్చి గదిలోకి పోయేసరికి వీడియో ఆడుతోంది. ఆడుతోందని అనకూడదు, మధ్యలో చక్రం తిరుగుతూ ఆగిపోయింది. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. జైన్, జిజి హదీద్ అనే మోడల్ అమ్మాయి, పెదవుల మీద పెదవులు. ఆ అమ్మాయి అప్పట్లో నిజంగానే అతని మాషూకా. చక్రం తిరుగుతూనే ఉంది. మా పాప ఫోన్ బోర్లా పెట్టబోయింది, చేయి వణికి కిందపడింది.

బయట వరండాలో మా ఆడబిడ్డ కూర్చుని ఉంది. అది కూడా ఒక వజహ్. మగమనిషి గల్ఫ్‌లో ఉంటే ఇంట్లో పెరిగే ఆడపిల్ల ప్రతి అడుగుకూ తల్లే జవాబుదారు అని మన దగ్గర వేరే చెప్పాలా? నేను లోపల పాపతో మాట్లాడుతున్నట్టు లేను, వరండాకు వినబడేట్టు మాట్లాడాను. హయా లేదన్నాను. ఇజ్జత్ అన్నాను. "వాడి తల్లి ఎట్లా పెంచిందో!" అని కూడా అన్నాను.

అప్పటిదాకా తల దించుకుని ఉన్న పాప అప్పుడు నోరు తెరిచింది. "వాళ్లమ్మ స్కూల్లో పిల్లలకు హలాల్ వంట చేసేది మా. నీలాగే స్కూలుకు పోయి పని చేసి పెంచింది."

నేను గోడ దగ్గరికి పోయి పోస్టర్ పీకేశాను. ఫోన్ తీసుకుని పరీక్షలయ్యేదాకా బీరువాలో పెడతానన్నాను.

ఇంతవరకూ చాలామంది అమ్మీలు చేసేదే. ఆ రాత్రి నేను చేసింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. పిల్లలు నిద్రపోయాక బీరువా తెరిచి ఫోన్ తీసి ఆమె మెసేజ్‌లు చదివాను. ఆ పాట ఫ్యాన్స్ అందరూ చేరిన గ్రూపు ఒకటుంది. కర్నూలు పిల్లలు, హైదరాబాద్ పిల్లలు, ఎక్కడో మలేషియా పిల్ల. అన్నీ ఆ రోజు పెట్టినవే, వందల కొద్దీ.

నేను అనుకున్నది వేరు. ముద్దుల గురించి పిచ్చి మాటలుంటాయనుకున్నాను. అవీ ఉన్నాయి, లేవని అబద్ధం ఎందుకు? ఆ హదీద్ అమ్మాయి స్థానంలో తమని పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, ఆమె మీద జలసీతో కాలిపోయినవాళ్లు ఉన్నారు. ఒకమ్మాయి పాటలో అతని గొంతు చివర్లో ఎంత పైకి పోయిందో, బ్యాండులో ఉన్నప్పుడు ఆ గొంతును ఎట్లా మూలకు పెట్టారో రాస్తూ పోయింది. చదువుతుంటే సంగీతం మాస్టారు రాసినట్టుంది. ఇంకొకమ్మాయి మిగతా నలుగురికీ ఇది బేవఫాయీ అంది. ఆ మీద పెద్ద జగడా.

ముస్లిం పిల్లలది ఇంకో జగడా. ఒకామె ఇది గునాహ్, నేను ఇక అతని పాటలు వినను అని రాసి గ్రూపు వదిలేసింది. ఒకామె, హదీద్ వాళ్ల తండ్రి పాలస్తీనాలో పుట్టినవాడు కదా, నికా చేసుకుంటే అంతా సర్దుకుంటుంది అని పెద్దమ్మలా సలహా ఇచ్చింది. ఒక కర్నూలు పిల్ల గుస్సాగా రాసింది. అతను బ్యాండు వదిలిన కొద్దిరోజులకు అమెరికా టీవీలో ఒక కమెడియన్ అతని మొహాన్ని బోస్టన్ బాంబర్ మొహంతో పోల్చి నవ్వించాడు. నిజంగా జరిగిందే అది. అక్కడివాళ్లకు అతను మరీ ముసల్మాన్, మనకేమో చాలినంత ముసల్మాన్ కాడు, ఇక పాడేదెప్పుడు అని ఆ పిల్ల ప్రశ్న. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. పదిహేడేళ్ల పిల్లలు ఇంత ఆలోచిస్తారా?

ఆఖర్లో మా పాప రాసింది కనబడింది. నేను తిట్టకముందు, మధ్యాహ్నం పెట్టిన మెసేజ్. పాట చాలా బాగుంది, కానీ ఎందుకో ఏడుపొస్తోంది అంది. "మా అమ్మీకి జైన్ అంటే ఇష్టం. ఈ వీడియో చూస్తే ఇంక ఇష్టం ఉండదు."

ఫోన్ మళ్లీ బీరువాలో పెట్టాను. తహజ్జుద్ వేళ దాకా నిద్ర పట్టలేదు. పొద్దున్నే పిలిచి మాట్లాడి ఉండొచ్చు. మాట్లాడితే ఫోన్ చదివానని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు.

ఆ పాట నేరుగా మొదటి స్థానంలో దిగింది, అటు అమెరికాలో, ఇటు ఇంగ్లండులో. అన్నేళ్ల బ్యాండుకు అమెరికా హాట్ 100లో ఒక్కసారీ అందని స్థానం అది. పాప ఆ ఖుషీ ఎవరితో పంచుకుందో నాకు తెలియదు. నాతో కాదు.

సరిగ్గా బ్యాండు వదిలిన ఏడాదికి, మార్చి 25న ఆల్బం వచ్చింది. పరీక్షలైపోయి ఫోన్ తిరిగిచ్చేశాను. ఒకరోజు అసర్ తర్వాత అబ్బాకు చాయ్ తీసుకుపోతుంటే గది గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఇయర్‌ఫోన్ ఒక కొస అబ్బా చెవిలో, ఇంకో కొస పాప చెవిలో. అబ్బా కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. పెద్ద దర్గా ఉర్సులో ఖవ్వాలీ వింటూ తెల్లవార్లూ కూర్చునేవారు ఆయన. తెల్లారి కళ్లు ఎర్రగా చేసుకుని ఇంటికొస్తే అమ్మీ సణుగుతూ వేడినీళ్లు పెట్టేది. ఆ కూర్చునే తీరే మళ్లీ ఇరవయ్యేళ్ల తర్వాత చూశాను.

"ఎవరు పాడేది? పాకిస్తానోడా?" అన్నారు.

"ఇంగ్లండు. మీరు దువా చేశారే, అతనే నానా."

ఆ ఆల్బంలో ఫ్లవర్ అని ఒక చిన్న పాట ఉంది. పూర్తిగా ఉర్దూలో, ఖవ్వాలీ రంగులో. అబ్బా ఇంకోసారి పెట్టమన్నారు. మూడోసారి కూడా విని "పలకడం కొంచెం కచ్చాగా ఉంది. దర్ద్ ఉంది కానీ" అన్నారు. నేను లోపలికి పోలేదు. చాయ్ చల్లారిపోతే మళ్లీ వేడి చేయడానికి వంటింట్లోకి పోయాను. పోయి కూర్చుని ఉంటే మూడో మనిషికి ఇయర్‌ఫోన్‌లో కొస లేదు కదా అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను.

మరుసటేడు అబ్బా పోయారు.

2018 చివర్లో జైన్ ఒక ఇంగ్లీషు పత్రిక ఇంటర్వ్యూలో, నిన్ను నువ్వు ముస్లింవని చెప్పుకుంటావా అంటే, చెప్పుకోను అన్నాడు. మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ వార్త పెట్టారు. తౌబా తౌబాలు వరసపెట్టాయి. మా పాప అప్పటికి వేరే ఊళ్లో ఇంజనీరింగ్. ఆమె పేరు పక్కన కూడా నీలం టిక్కులు పడ్డాయి. ఒక్క అక్షరం రాయలేదు. ఆ రాత్రి ఆమెకు ఫోన్ చేసి "తిన్నావా?" అన్నాను. "తిన్నాను మా." "చలి ఉందా?" "లేదు మా." అడగాలనుకున్న మాట గొంతు దాకా వచ్చింది. జైన్ సంగతి సరే, నీ సంగతేంటి బేటా? అడగలేదు. జవాబుకు భయపడ్డానా, అడిగే హక్కు పోగొట్టుకున్నానని భయపడ్డానా, ఇప్పటికీ తేల్చుకోలేదు. అప్పటినుంచి మా మాటలన్నీ ఖైరియత్ మాటలే. కూర, జీతం, జలుబు.

ఇక పాప పంపిన ఆ పాట. కరాచీకి చెందిన ముగ్గురు కుర్రాళ్ల బ్యాండు, పేరు అవుర్. వాళ్ల "తూ హై కహాఁ" 2023లో వచ్చి అందరి నోళ్లలో నానింది. దాన్ని జైన్ గొంతుతో మళ్లీ చేసి 2024 జనవరి 31న వదిలారు. ఉర్దూలోనే పాడాడు. అక్కడివాళ్లు, ఇక్కడివాళ్లు అని లేకుండా పిల్లలంతా ఈద్ చేసుకున్నారు, ఇల్లు చేరాడు అన్నారు. అన్నేళ్లూ అతని మజ్‌హబ్ లెక్కలు తీసినవాళ్లు అప్పుడు అతని ఉచ్చారణ లెక్కలు తీశారు. నేనూ తీశాను, నన్ను అడిగిన పని అదేగా. మూడుసార్లు విని పాపకు ఫోన్ చేశాను.

"పదికి ఏడు."

"ఏడేనా? కంజూస్!"

"ఫ్లవర్ కంటే బాగా పలికాడు. అప్పుడైతే ఐదే ఇచ్చేదాన్ని."

అటునుంచి కాసేపు చప్పుడు లేదు. "నువ్వు ఫ్లవర్ ఎప్పుడు విన్నావు మా?"

చెప్పాను. ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడ్డానని చెప్పాను. తర్వాత ఒక రాత్రి వంటింట్లో ఒక్కదాన్నే విన్నానని చెప్పాను. అక్కడితో ఆపేద్దామనుకున్నాను, నోరు ఆగలేదు. బీరువా తెరిచిన సంగతి, గ్రూపు మెసేజ్‌లు, ఆమె రాసిన ఆ ఒక్కటీ, అన్నీ చెప్పేశాను. మాఫీ అడిగాను. తిడుతుందనుకున్నాను. పొద్దుపోయేదాకా ఇద్దరం మాట్లాడాం, ఎక్కువ భాగం నానా గురించి. ఆమె నమాజ్ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఫోన్ పెట్టేముందు "ఆ పోస్టర్ చింపేశావు కదా అప్పుడు?" అంది.

చింపలేదు. కాగితం మందంగా ఉందని బీరువా కింది అరలో, శీతాకాలం రజాయిల కింద పరిచాను, మొహం కిందికి పెట్టి. రాత్రి పదకొండున్నరకు రజాయిలన్నీ కింద పడేసి బయటికి తీశాను. పోగు ఉన్న చెవి వైపు పురుగు తినేసింది. మిగతాదంతా బాగానే ఉంది. లైటు కింద పెట్టి ఫోటో తీసి పంపాను.

"నక్కో మా, పారేయకు" అని వచ్చింది. "రంజాన్‌కి వచ్చి తీసుకుంటా."