కురుసుర దాకా నడక

సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్సుప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖపట్నం. 1974 నుంచీ తిరుగుతున్న బండి. ఎక్కగానే నిద్రపోయేవాణ్ని. మొన్న మాత్రం కన్ను మూతపడలేదు. తప్పు బండిది కాదు. రెండ్రోజుల ముందు డాక్టరు చెప్పిన అంకె బుర్రలో తిరుగుతోంది... 146/94. నాకింకా నలభై నిండలేదు! ‘మాత్రలు ఇప్పుడే వద్దు, మూడు నెలలు చూద్దాం. ఉప్పు తగ్గించండి. రోజూ నడవండి. రాత్రి ఫోను అవతల పెట్టి పడుకోండి’ అన్నారాయన.

డాక్టరు దగ్గరికి పొమ్మని పోరింది మా ఆవిడ. అంతకుముందు ఆదివారం, ఎక్కం తప్పు చెప్పాడని మావాడి లెక్కల పుస్తకం విసిరికొట్టాను. అట్ట చిరిగింది. వాడికి ఎనిమిదేళ్లు. ఏడవలేదు. నావైపు భయంగా చూసి, పుస్తకం తీసుకుని లోపలికెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత నేను రైలెక్కాను.

స్టేషను నుంచి నేరుగా కోస్టల్ బ్యాటరీ. పొద్దున్నే కొద్దిసేపు ఈ బీచ్‌రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు. ఊరంతా ఇక్కడే ఉందా అన్నట్టుంటుంది. షటిల్ ఆడేవాళ్లు, స్కేటింగ్ పిల్లలు, చీర మీద బూట్లేసుకుని చకచకా నడిచే మామ్మగార్లు. కుడిపక్క సముద్రం. వెనక్కి తిరిగితే డాల్ఫిన్స్‌నోస్ కొండ. ఒక గుంపు చేతులు పైకెత్తి గట్టిగా నవ్వుతోంది. 1995లో ముంబయిలో మదన్ కటారియా అనే డాక్టరు మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బుల బాపతే. నాకైతే నవ్వు రాలేదు. సిగ్గేసింది.

రాగిజావ అమ్మే ఆవిడ దగ్గర ఆగాను. గ్లాసు ఒక చేతిలో, ఫోను మరో చేతిలో. ఆఫీసు నుంచి అప్పటికే నాలుగు మెసేజ్‌లు.

‘ఏటి బాబూ, అంత దూరం నుంచొచ్చి ఫోను సూసుకుంటన్నారు? సముద్రం ఇటేపుంది’ అందావిడ.

పక్కన జావ తాగుతున్న పెద్దాయన పకపకా నవ్వారు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారట. ‘రండి, సబ్‌మెరైన్ దాకా నడుద్దాం’ అన్నారు. నేను పరుగులాంటి నడక అందుకుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. ‘నాలుగడుగులు గాలి పీల్చండి, ఆరడుగులు వదలండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వేగం చాలు.’ తర్వాత తెలిసిందేమంటే, ఆయన లెక్క వట్టిది కాదు. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే వదలడం పొడిగిస్తే ఒళ్లు నెమ్మదిస్తుంది. ఇక నడకంటారా, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. అంటే అయిదు రోజులు, రోజుకో అరగంట.

‘మీకు టెన్షన్లు ఉండేవి కావాండీ?’ అన్నాను.

‘ఎందుకుండవు? ఓడలు నా టైముకొస్తాయా? అప్పుడూ రోజూ వచ్చేవాణ్ని. సెలవు దొరికాక చూద్దాంలే అనుకుంటే ఈ ఒడ్డు మొహమే చూసేవాణ్ని కాను’ అన్నారు.

మరి నేను? రెండ్రోజులు సెలవు పెట్టి, ఏడాది బరువంతా అలల్లో కలిపేద్దామని వచ్చాను. (అన్నట్టు, కలపాలనిపించినా ఇక్కడ నీళ్లలోకి దిగకండి. ఆర్కే బీచ్ అలలు చాలామందిని మింగాయి.)

సాయంత్రం టికెట్టు కొని ఐఎన్‌ఎస్ కురుసుర లోపలికెళ్లాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి ఇది. 2002 నుంచి ఇసుక మీద మ్యూజియం. పొడవు 91 మీటర్లు. అందులో 75 మంది! తల వంచుకుని గుండ్రటి తలుపుల్లోంచి దూరుతుంటే నాకు పది నిమిషాల్లోనే ఊపిరాడనట్టయింది. యంత్రాల మధ్య, గొట్టాల కింద ఇరికించిన పడకలు. ఎండ లేదు, కిటికీ లేదు. ఎలా ఉండేవారని అడిగితే, చూపించేందుకు వచ్చిన మాజీ నావికుడు ‘వంతులు సార్’ అన్నాడు. ఇన్ని గంటలు డ్యూటీ, ఇన్ని గంటలు విశ్రాంతి. వంతు అయిపోగానే వెళ్లి పడుకోవాల్సిందే. పని ముగిశాక పడుకుందామంటే అక్కడ పని ముగిసేదెప్పుడు?

ఆ పడకల దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. మా ఇంట్లో పడకగది దీనికి పదింతలుంటుంది. వంతు మాత్రం లేదు.

బయటికొచ్చి ముంత మసాలా కొనుక్కున్నాను, ఉప్పు తక్కువ వెయ్యమని. అతను నన్ను జాలిగా చూశాడు.

తిరిగొచ్చి మూడు వారాలైంది. మా కాలనీ నీళ్లట్యాంకు చుట్టూ పొద్దున్నే అరగంట తిరుగుతున్నాను. సముద్రం లేదు, రెండు కుక్కలున్నాయి. రెండ్రోజులు ఎగ్గొట్టాను కూడా. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను హాల్లో బీరువా పైన పెడుతున్నాను, దాన్ని అడగడం మావాడి వంతు. ‘నాన్నా, ఫోనూ!’ అని చెయ్యి చాపుతాడు. కుర్చీ ఎక్కి వాడే పెట్టొస్తాడు. చిరిగిన అట్ట తీసేసి కొత్తది వేశాను. దాని మీద పేరు మాత్రం వాడే రాసుకుంటానన్నాడు.