భీమకీచకుల మల్లయుద్ధము

చిందు భాగవతులు మా పల్లెకు వచ్చుట మాని యేండ్లయినది. జనగామ సీమలో మాతో పెరిగినవారికి వారి జాంబపురాణమును, కీచకవధయు మఱపురావు. అందును మా బాలురకు భీమకీచకుల మల్లయుద్ధమే ప్రాణము. కొయ్య కిరీటములు, భుజకీర్తులు దాల్చి, మొగమునకు అరదళము పూసికొని, ఇరువురును తొడలు చఱచుచు తలపడెడివారు. పిడికిలి సోకకయే మద్దెల మ్రోగెడిది, కీచకుడు కూలెడివాడు. అది యాటయని యెఱిగియు మేము కేకలు వేసెడివారము. తెల్లవాఱిన పిమ్మట ఆ శత్రువు లిరువురును ఒక్క చెట్టునీడను గంజి త్రాగుచు కనబడెడివారు, అన్నదమ్ములట! చిందు మేళమనగా నొక కుటుంబమే. స్త్రీలును వేషములు కట్టుదురు.

ఆ కుటుంబముల పిల్లలు ఇపుడు మా తరగతులలో కూర్చుండుచున్నారు. రాత్రియెల్ల ఆడిన బిడ్డ పగలు లెక్కలు చేయజాలడు. వారు చదువవలెననియే మా పట్టు; మేళము నిలువవలెననియు మా కోరిక. రెండును పొసగుట మేమింకను చూడలేదు.

కీచక వేషమున పేరొందిన గడ్డం సమ్మయ్యగారు మన జనగామ జిల్లా, దేవరుప్పుల మండలము, అప్పిరెడ్డిపల్లె వారు. 2024లో వారికి పద్మశ్రీ వచ్చిన వార్త తరగతిలో చదివితిమి. "కీచకుడనగా నెవరండీ?" యని యొక బాలుడు అడిగెను. కథ చెప్పితిమి, తొడ చఱచుట మాత్రము మాకు చేతకాలేదు.